వానదుప్పి

పోయిన నెల మా పిన్ని కంటి ఆపరేషన్ కోసం నరసరావుపేటలో మా ఇంటికి వచ్చి పదిహేను రోజులు ఉంది. బొల్లాపల్లి అవతల ఉన్న మా ఊరి నుంచి బస్సులో వస్తూ గుడ్డసంచిలో పండుమిరపకాయల పచ్చడి, కాసిని కందులు, వాటి అడుగున పాత తువ్వాలులో చుట్టిన వస్తువొకటి తెచ్చింది. "అటక దులుపుతుంటే దొరికిందే. పాప ఆడుకుంటదేమో చూడు" అంటూ ఆ మూటను మా అమ్మాయి చేతిలో పెట్టింది. విప్పితే అరచేతిలో ఇమిడే ఊదారంగు ఆటమిషను. మూలలు అరిగి తెల్లబడ్డాయి. ఎడమవైపు మీట మీద రంగు పూర్తిగా పోయింది. అది ఎవరి బొటనవేలు అరగదీసిందో నాకు తెలుసు.

మా అమ్మాయి టీవీ రిమోట్‌లోంచి రెండు పెన్సిల్ సెల్స్ తీసి దాంట్లో వేసింది. పాత రాగం కీచుమంటూ మొదలయ్యేసరికి నేను వంటగదిలోంచి గరిటె పట్టుకునే బయటికి వచ్చాను. తెర మీద కొత్త ఆట మొదలుపెట్టమన్న మాట తప్ప ఇంకేమీ లేదు. "లోపల చిన్న బ్యాటరీ ఉంటుందమ్మా. అది చచ్చిపోతే దాచుకున్నవన్నీ పోతాయి" అంది మా అమ్మాయి. దాంట్లో అరుదైన జీవులేమన్నా ఉండేవా అని అడిగింది. మేం వెదికింది ఒక్కదాన్నేనన్నాను. "ఒక్కటేనా! నా దగ్గర లెజెండరీలు ఒక్కోటి రెండేసి ఉన్నాయి. బ్రెజిల్లో ఎవరో పిల్ల మార్పిడికి ఇచ్చింది" అని ఫోను తెచ్చి చూపించింది. రెక్కలవీ, కొమ్ములవీ, మంటలు కక్కేవీ వరసగా బొమ్మలు. బాగున్నాయన్నాను. పిన్ని తనకేమీ పట్టనట్టు కందులు చేటలో పోసుకుంది.

పిన్ని భర్త కోటయ్య బాబాయ్ మా నాన్నకు తమ్ముడు. మా రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉండేవి. మనిషి నేల మీద నిలిచేవాడు కాదు. ఊళ్ళో ఎవరి గేదె తప్పిపోయినా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. గిట్టల జాడ చూసి, విరిగిన కంప చూసి, పేడ తడి చూసి ఎటుపోయిందో చెప్పేవాడు. చెప్పి ఊరుకోక తనే బయలుదేరి, రెండు మూడు రోజులు కొండ అంచులన్నీ తిరిగి, గొడ్డును తోలుకునే వచ్చేవాడు. అట్లాంటి మనిషి ఒక మాఘమాసంలో గుంటూరుకి మిర్చి టిక్కీ బస్తాలు ఎత్తిస్తూ, లారీ పైన నిలబడి తాడు బిగిస్తుండగా ఆ తాడు తెగి వెల్లకిలా పడ్డాడు. కింద నాపరాళ్ళు పరిచి ఉన్నాయి.

రెండు నెలల తర్వాత ఆయన్ను గుంటూరు నుంచి తీసుకొచ్చారు. వెన్నుపూస విరిగిందనీ, నడుం నుంచి కిందికి ఇక ఈ జన్మలో కదలదనీ డాక్టరు నాన్నతో చెప్పాడు. నాన్న ఇంటికొచ్చి అందర్నీ గొడ్లచావిడిలో నిలబెట్టి, బాబాయ్‌కి మాత్రం నరం వాచిందనీ ఏడాదికి వాపు దిగుతుందనీ చెప్పాలని కట్టడి చేశాడు. నన్ను విడిగా పిలిచి, "నీకు నోరెక్కువ. ఆడ జారావంటే నాలిక కోస్తా" అన్నాడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. వినుకొండలో ఇంగ్లీషు మీడియం బడికి ఆటోలో పోయి వచ్చేదాన్ని.

ఆ తర్వాత ఇంటి రోజంతా వసారాలో వేసిన ఆ మంచం చుట్టూ తిరిగేది. పిన్ని గోడగడియారం చూసుకుని రెండేసి గంటలకొకసారి బాబాయ్‌ని పక్కకి తిప్పేది. ఒళ్ళు తుడిచి, పౌడరు చల్లి, దిండ్లు సర్దేది. నీళ్ళపరుపు రబ్బరు వాసన, డెటాల్ వాసన, వాకిట్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు కలిసి ఇంటిని పట్టుకుని ఉండేవి. ఘాటుకి మేమంతా దగ్గినా మాకేమీ కాదు. ఆయనకి దగ్గు వస్తే పొట్టలో బలం లేక దగ్గలేకపోయేవాడు, కళ్ళవెంట నీళ్ళు కారేవి. నాయనమ్మ పొద్దున్నే చుట్ట వెలిగించుకుని, ఆముదం వెచ్చబెట్టి తెచ్చి, ఆయన కాళ్ళకి గంటసేపు మర్దనా చేసేది. చివర్లో రోజూ ఒకే మాట అనేది, "కదిలిందిరా కోటయ్యా, బొటనేలు కదిలింది, నే చూశా" అని. నాయనమ్మ చావిడిలో నాన్న చెప్పమన్నట్టు చెప్పేదో, లేక నిజంగానే కదిలినట్టు ఆమెకు కనపడేదో నాకిప్పటికీ తెలియదు.

ఆ ఎండాకాలంలోనే ఆటమిషను వచ్చింది. పిన్ని తమ్ముడు ఓడలో వంటవాడు. ఏదో రేవులో పాతసామాన్ల అంగట్లో కొన్నానంటూ తెచ్చి బావ మంచం మీద పెట్టి వెళ్ళాడు. తెరకి సొంత వెలుగు లేదు. ఎండపొడ తగిలితేనే బొమ్మ కనపడేది. అందుకని మంచాన్ని వసారా అంచుకు జరిపాం. బాబాయ్ ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకున్నవాడు. ఆటంతా ఇంగ్లీషు. నేను బడి నుంచి రాగానే మంచంపట్టె మీద కూర్చుని చదివి చెప్పేదాన్ని, ఆయన ఆడేవాడు.

ఆట సంగతి సులువే. గడ్డిలో, గుహల్లో, నీళ్ళలో తిరుగుతూ రకరకాల జీవులతో పోరాడి, అలిసిపోయాక బోను విసిరి పట్టుకోవాలి. పట్టినవాటిని పెంచాలి. వాటి పేర్లు మా ఇద్దరికీ నోరు తిరిగేవి కావు కాబట్టి బాబాయ్ వేరే పేర్లు పెట్టాడు. ఒళ్ళంతా ముళ్ళున్న పక్షి కంపకోడి. కాళ్ళకు చుట్టుకుని వదలని పచ్చటిది తీగపాము. పొట్ట ముందుకు వేసుకుని ఏ పనీ చేయకుండా నిద్రపోయేదానికి మా ఊరి పాత సర్పంచిని తలుచుకుని ప్రెసిడెంటు అని పెట్టాడు. దాన్ని పోరుకు దింపినప్పుడల్లా "లెగవయ్యా ప్రెసిడెంటూ, ఓట్లకి తప్ప లెగవవా?" అని నవ్వేవాడు. లారీ మీంచి పడ్డాక ఆయన నవ్వింది అప్పుడే. పిన్ని వంటింట్లోంచి తొంగిచూసి లోపలికి పోయేది.

మామూలు జీవులు అడుగడుక్కీ తగిలేవి. కొన్ని మాత్రం ఆటంతటికీ ఒక్కొక్కటే. అందులోనూ ఒకటి ఎక్కడా నిలవదు. ఇవాళ ఈ గడ్డిలో ఉంటే రేపు ఏ కొండ అవతలో. ఎదురుపడినా ఒక్క దెబ్బకే పారిపోతుంది. పొగరంగు ఒళ్ళు, సన్నటి కాళ్ళు, వెనక్కి వంగిన కొమ్ములు. అది వచ్చినప్పుడు తెరంతా సన్నటి గీతలుగా వాన పడేది. మొదటిసారి అది కనపడ్డ రోజు బాబాయ్ మిషను ఎండకేసి ఎత్తి పట్టుకున్నాడు. "మన చేలో పడంది దీంట్లో పడతందే చిట్టెమ్మా" అన్నాడు. ఆ ఏడు మా మెట్ట మీద చినుకు లేదు. కాలవ నీళ్ళు మా దాకా ఎన్నడూ రావు. ఆయనే దానికి వానదుప్పి అని పేరు పెట్టాడు.

అక్కణ్ణుంచి మిగతా ఆట ఆగిపోయింది. వానదుప్పి ఒక్కటే. దాన్ని ఒకసారి చూశాక మిషన్లోని పుస్తకంలో ఒక పేజీ తెరుచుకునేది. అది ప్రస్తుతం ఎక్కడుందో ఇంగ్లీషులో రాసి ఉండేది. నేను చదివితే బాబాయ్ అటు నడిచేవాడు. చేరేలోగా అది ఇంకోచోటికి పోయేది. తప్పిపోయిన గేదెల్ని వెదికినట్టే వెదికేవాడు, కళ్ళు చికిలించి, పెదవి కొరుక్కుంటూ. దానికి తగిలిన దెబ్బ మానదని మేం కనిపెట్టాం. ఒకసారి కొట్టి వదిలేస్తే, మళ్ళీ కనపడినప్పుడు ఆ గాయంతోనే ఉండేది. అట్లా నెలల తరబడి నాలుగుసార్లు దాన్ని దొరికించుకుని, నాలుగు దెబ్బలు వేశాడు. దాని ప్రాణం గీత గోరంతకు వచ్చింది. అది పారిపోకుండా చుట్టేయడానికి తీగపామును పెంచుతూ, ఒక సాయంత్రం నాతో అన్నాడు, "ఇది బోన్లో పడ్డరోజు నేను లేచి నడుస్తా. రాసిపెట్టుకో." నవ్వుతూ అన్నమాట కాదు. మొక్కు మొక్కుకున్నట్టు అన్నాడు. నేను తల ఊపాను.

మరుసటి ఏడు కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు ముందు ఆయనకు నడుం కింద పుండు పడి చీముపట్టింది. జ్వరం తగ్గక మళ్ళీ గుంటూరు తీసుకుపోయారు. కారెక్కించేముందు మిషను నా చేతిలో పెట్టి, "ఆడుకుంటే ఆడుకో. ఏం చేసినా సేవ్ మాత్రం మర్చిపోమాక. సెల్స్ ఎప్పుడు సస్తయ్యో తెలీదు" అన్నాడు. అంతకుముందు సెల్స్ అయిపోయి రెండుసార్లు మా పనంతా పోయింది. ఆయన నాకు నేర్పిన మొదటి అలవాటు అదే.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో నాయనమ్మ తప్ప ఎవరూ లేరు. ఖాళీ మంచం అంచున కూర్చుని ఆడుతున్నాను. తెర మీద వాన మొదలైంది. ఆయన లేనప్పుడు దాన్ని పట్టి, ఆయన వచ్చేసరికి చూపించాలనిపించింది. ఆ కోరికలో ఆయన మీద ప్రేమే ఉందో, నేనే పట్టానని చెప్పుకునే గొప్ప కూడా ఉందో ఇప్పుడు విడదీయలేను. తీగపామును వదిలాను. అది చుట్టేసింది. వానదుప్పి పారిపోలేకపోయింది. ఉన్న బోనులన్నీ ఒక్కొక్కటిగా విసిరాను. అన్నీ పగలగొట్టుకుని బయటికి వచ్చింది. చివరిది కూడా అయిపోయింది. అక్కడితో వదిలేస్తే సరిపోయేది. ఇంకొక్క చిన్న దెబ్బ వేస్తే వచ్చేసారికి మరింత మెత్తబడి ఉంటుందనుకుని, ఉన్నవాటిలో తేలికైన దెబ్బ ఎంచుకున్నాను. గోరంత గీత చెరిగిపోయింది. జీవి సొమ్మసిల్లిందని ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి. వాన ఆగిపోయింది.

సెల్స్ దీపం మసకబారుతోంది. అలవాటుగా సేవ్ చేశాను.

చేశాక పుస్తకం తెరిచి చూశాను. దాని పేజీలో ఊరి పేరు ఉండాల్సిన చోట, చోటు తెలియదు అని ఉంది. అది ఇక ఆటలో లేదని అర్థమైంది. ఆ సేవ్ చేయకుండా మిషను ఆర్పేసి ఉంటే అది తిరిగి బతికేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెప్పారు.

మూడు వారాలకు బాబాయ్ వచ్చాడు. చిక్కిపోయి, గడ్డం పెరిగి ఉన్నాడు. పక్క సర్దకముందే, "ఏడ చూపిస్తంది?" అన్నాడు. నేను పేజీ తెరిచి ఉన్నదున్నట్టు చదివాను, "చోటు తెలియదు అని రాసుంది బాబాయ్." ఆయన కళ్ళు చికిలించి, "దెబ్బ తిన్నది గదా, దాక్కునుంటది. ఆకలేస్తే అదే బయటికొస్తది" అన్నాడు. నేను అబద్ధం ఆడలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఏడాదిపాటు రోజూ అదే మాట చదివాను. రోజూ ఆయన అదే గడ్డిలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాడు. వినుకొండ బస్టాండు కొట్లో నేను వారానికి రెండుసార్లు సెల్స్ కొనుక్కొచ్చేదాన్ని. కొట్టతను, "ఏంది పాపా, సెల్స్ తింటన్నారా మీ ఇంట్లో" అనేవాడు. బాబాయ్ బొటనవేలికి నాగలి పట్టినప్పటి కాయలు పోయి మీట కాయ కాసింది.

మరుసటి మిరపకాయల రోజులకు పుండు మళ్ళీ తిరగబడింది. వాసన వసారా దాటి వాకిట్లోకి వచ్చింది. ఈసారి ఆయన ఆస్పత్రికి పోనన్నాడు. నాన్న బతిమాలాడు, కేకలేశాడు. పిన్ని కాళ్ళు పట్టుకుంది. ఆ కాళ్ళకు తెలియదు గదా. "పోయినసారి నేను పోబట్టే అది దాక్కుంది. ఇప్పుడు పోతే మొత్తానికే దాటిపోద్ది. దొరికినాక పోతా" అన్నాడు. ఆయన దేనిగురించి అంటున్నాడో మంచం చుట్టూ ఉన్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. జ్వరంలో పలవరిస్తున్నాడని వాళ్ళు అనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి ఇంటికొచ్చాను. పిన్ని వాకిట్లో మిరపకాయలు తిరగేస్తోంది. నేను మంచంపట్టె మీద కూర్చుని ఆయన చేతిలోంచి మిషను తీసుకుని ఆర్పేశాను.

"ఏందే?" అన్నాడు.

"అది లేదు బాబాయ్."

"ఏది?"

"వానదుప్పి. నేను చంపేశా. నువ్వు గుంటూర్లో ఉన్నప్పుడు. ఇంక రాదు. నువ్వు ఆస్పత్రికి పో."

ఆయన వసారా పైకప్పు చూశాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. "ఏడాదైంది" అన్నాడు చివరికి. "ఏడాది నుంచీ నీకు తెలుసు. రోజూ వచ్చి చదివావు."

నేను ఏడుస్తున్నాను. ఆయన తన కాళ్ళవైపు చూశాడు. నాయనమ్మ రాసిన ఆముదం ఎండకు మెరుస్తోంది.

"చిట్టెమ్మా, గుంటూరు డాక్టరు ఏమన్నాడో గూడా నీకు తెలుసుగా?"

నేను అరచేత్తో ముక్కు తుడుచుకున్నాను.

"మా అన్న చెప్పొద్దన్న మాట చెప్పమనటం లా. నీకు తెలుసా తెలీదా, అంతే."

నేను నేలకేసి చూశాను. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. పదిహేనేళ్ళ పిల్లని, అప్పుడే ఒక నిజం చెప్పి ఉన్నాను, వెంటనే మళ్ళీ అబద్ధానికి నోరు రాలేదు.

"సర్లే" అన్నాడు బాబాయ్. "పో, మొకం కడుక్కో. మీ పిన్ని చూస్తే బెదురుద్ది."

మర్నాడు ఆయన ఎవరూ అడక్కుండానే గుంటూరు తీసుకుపొమ్మన్నాడు. తీసుకుపోయారు, పుండు కోశారు, తీసుకొచ్చారు. నేను చెప్పినందుకు ఫలితం దక్కిందని ఒక వారం అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆస్పత్రికి పోయింది బతకాలని కాదు, వద్దనడానికి కారణం పోయిందని. మిషను ముట్టుకోలేదు. మంచం గోడవైపుకి తిప్పించుకున్నాడు. నాయనమ్మ ఆముదం గిన్నెతో వస్తే, "నూనె దండగమ్మా, ఇంక రాయమాక" అన్నాడు. నాయనమ్మ ఆ గిన్నె పట్టుకుని, చుట్ట ఆరిపోయినా చూసుకోకుండా వంటింట్లోకి పోయింది. ఎప్పుడు సెల్స్ తెచ్చినా నాకు డబ్బులిచ్చే పిన్ని, ఆ వారం ఇవ్వబోయి, మంచంవైపు చూసి, కొంగుకి ముడేసుకుంది. అన్నం పెడితే రెండు ముద్దలు తినేవాడు. నాతో మామూలుగానే మాట్లాడేవాడు, బడి గురించి అడిగేవాడు. అదే భరించలేకపోయేదాన్ని. మృగశిర కార్తెకి ముందు ఒక పొద్దున పిన్ని పక్కకి తిప్పబోతే ఒళ్ళు చల్లగా ఉంది.

ఇప్పుడు పిల్లలకి ఇవన్నీ చెబితే నమ్మరు. ఇప్పుడు ఏదీ పోదు. ఫోను పగిలినా దాచుకున్నవి ఎక్కడో దూరాన భద్రంగా ఉంటాయి, కొత్త ఫోన్లోకి దిగుతాయి. దొరకని జీవి లేదు, ఈ దేశంలో లేకపోతే ఇంకో దేశపు పిల్ల ఇస్తుంది. ఇంటిల్లిపాదీ కట్టకట్టుకుని ఒక మనిషికి నిజం తెలియకుండా దాచడం కూడా ఇప్పుడు కుదరదు. రిపోర్టు నేరుగా రోగి ఫోనుకే వస్తుంది, అతను ఇంట్లోవాళ్ళ కంటే ముందే చదువుకుంటాడు. అది మేలో కాదో నేను చెప్పలేను. నేనిప్పుడు కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెబుతుంటాను. చదివింది చదివినట్టు చెప్పడం ఎంత ప్రమాదమో నాకు తెలిసినట్టు నా విద్యార్థులకు తెలియదు. ఆ రోజు నేను చెప్పకపోతే ఆయన ఆస్పత్రికి పోకుండానే పోయేవాడు. చెబితే ఇట్లా పోయాడు. ఇన్నేళ్ళుగా ఈ రెండింటినీ తూచి చూస్తున్నాను. ఒక్కసారైనా తక్కెడ ఒకవైపుకి మొగ్గలేదు.

పిన్ని వెళ్ళిపోయేముందు రోజు, మా అమ్మాయి బడికి పోయాక, ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. నల్లకళ్ళద్దాల్లో ఆమె ఎటు చూస్తోందో తెలియడం లేదు.

"ఏమే, ఒకమాట అడగనా? కోప్పడతావేమో."

"అడుగు పిన్నీ."

"ఆరోజు నేను వాకిట్లో మిరపకాయలు తిరగేస్తన్నా. నువ్వు మీ బాబాయ్ కాడ కూర్చోనుండి, ఏడుస్తా లేచిపోయావు. ఆ మర్నాటినుంచే ఆయన మనిషి కాకుండా పొయ్యాడు. డాక్టరు మాట నువ్వు చెప్పావని నా అనుమానం. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నా. నీ పెళ్ళికొచ్చి అక్షింతలేసినప్పుడు గూడా నాకదే గుర్తొచ్చింది."

కుక్కర్ కూత వేసింది. నేను లేచి పొయ్యి తగ్గించి వచ్చాను.

"లేదు పిన్నీ. డాక్టరు మాట నేను చెప్పలేదు. ఆటలో ఆయన వెదికే జంతువు చచ్చిపోయిందని చెప్పా. అందుకు ఏడ్చా."

"ఆటలో జంతువా?"

"అవును."

"అంతేనా? ఇంకేం అన్లేదా?"

"ఇంకొక్క మాట కూడా అన్లేదు."

అది నిజం. పిన్ని కళ్ళద్దాలు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, డాక్టరు తుడవొద్దన్నాడని గుర్తొచ్చి ఆగిపోయింది. తర్వాత తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "పసిపిల్లవి, నిన్నెంత మాట అనుకున్నానే తల్లీ. తప్పైపోయింది. మనసులో పెట్టుకోమాక" అంది. ఆమె గొంతులో ఇరవై ఏళ్ళ బరువు దిగిపోతున్నట్టు వినిపించింది. ఆయన అడిగినప్పుడు నేలకేసి చూసిన సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. ఆ చేతిలో నా చెయ్యి ఉంది. "పోనీలే పిన్నీ, పాతమాట" అన్నాను.

ఆ మధ్యాహ్నం పిన్ని అన్నం తిని చాలాసేపు నిద్రపోయింది. నేను లేపలేదు.